మా అత్తగారికి ఆవు పడలేదు

మా అత్తగారి ఒంటికి ఆవు సరిపడలేదు. ఈ మాట అంటే మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ చెవులు మూసుకుంటారు. మూసుకోనీ. పొద్దున్నే లేచి వీధి చివర పాలవాడి ఆవు తోక కళ్ళకద్దుకోనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి ఆమె. ఇంట్లో ఎవరి నీడ తగిలినా ఆవు పంచితం చల్లించేది. అటువంటి మనిషి రక్తం ఆవును శత్రువుగా చూసింది. ఇది నేను కల్పించిన వెటకారం కాదు. నాకు వెటకారం చేతకాక కాదు, అక్కడ దాని అవసరం రాలేదు.

మా ఇల్లు బెంగళూరు నగర్తపేటలో ఒక సందులో ఉండేది. ముందు జరీ అంగడి, వెనక ఇల్లు. మామగారు పోయాక అంగడి మా బావగారి చేతికి వచ్చింది, ఇల్లు అత్తగారి చేతిలోనే ఉండిపోయింది. బియ్యం గది, బెల్లం అల్మరా, దేవుడి గది, అన్నిటి తాళంచెవులూ ఆమె నడుముకు వేలాడేవి. మా ఆయన రెండో కొడుకు. ప్రభుత్వ కచేరీలో గుమాస్తా. అన్న మాట దాటి తుమ్మేవాడు కూడా కాదు. బావగారి భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నోట్లోంచి మాట రావడం నేను అరుదుగా విన్నాను. నేను ఆనేకల్ బడిపంతులు కూతురిని. బి.ఎ. చదివాను. ఆ ఇంట్లో ఆ రెండక్షరాలను నా పేరుకు బదులు వాడుకున్నారు.

"ఏమ్మే బి.ఎ., చారులో ఉప్పు లేదు. మీ కాలేజీలో అది చెప్పలేదా?" అనేది అత్తగారు.

"మీ మాటల్లో ఉండేది చాలునని వెయ్యలేదత్తమ్మా."

ఇట్లా నడిచేది మా కాపురం. అంటే అత్తగారితో నా కాపురం. మా ఆయనతో ఉన్నదానికి ఆ పేరు పెట్టడానికి అంత మాటల వ్యవహారం లేదు.

యుద్ధం అయిపోయినా రేషను అయిపోని రోజుల్లో అత్తగారు చిక్కిపోవడం మొదలుపెట్టింది. బిందెడు నీళ్ళు తాగేది, గడియకోసారి పెరట్లోకి పోయేది. దండులో, అంటే దొరలుండే వైపు, ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. చక్కెర జబ్బు ముదిరిందనీ, రోజూ ఇన్సులిన్ సూది వెయ్యకపోతే బతకడం కష్టమనీ ఆయన చెప్పాడు.

"దేంతో చేసేదప్పా అది?" అని అడిగింది అత్తగారు.

డాక్టరు అబద్ధం నేర్చుకోని మనిషి. "ఆవు కడుపులో ఒక గ్రంథి ఉంటుందమ్మా, దానిలోంచి తీస్తారు."

బావగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చెప్పులు తొడుక్కోవడం కూడా మొదలుపెట్టాడు.

"కూచోరా," అంది అత్తగారు. "పాలు యాడనుంచి వస్తాయి? పేడ యాడనుంచి వస్తాది? అన్నీ ఆవు కడుపులోనుంచే కదా. పంచగవ్యంలో ఐదుండాయి. ఇది ఆరోదనుకో."

ఆవును చంపకుండా ఆ గ్రంథి ఎట్లా తీస్తారని ఆమె అడగలేదు. పాలు పితికినట్టు పితుకుతారని నిజంగానే అనుకుందో, అట్లా అనుకోవడమే మంచిదనుకుందో నాకు తెలియదు. నేను నోరు తెరవబోతే నా కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. మా పురోహితుడు కూడా ఆ ఆదివారం మా ఇంట్లో భోంచేసి, తేన్చి, గోమాత ఇచ్చినదేదీ మైల కాదని తీర్పు చెప్పాడు.

ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి సూది పని నాకు వచ్చింది. సీసా మీద అక్షరాలు చదవడానికి బి.ఎ. అక్కర్లేదు, కానీ ఆ ఇంట్లో నా చదువు పనికొచ్చింది ఆ ఒక్కదానికే కాబట్టి నేను ఎదురు చెప్పలేదు. ఆమె మడిలో ఉండేటప్పుడు ముట్టుకోవాలి గనక నేనూ తలస్నానం చేసి తడిచీరతో రావాలి. బెంగళూరు మార్గశిరంలో తడిచీరతో నిలబడి, వణికే చేత్తో సూది వేస్తే, "చెయ్యి వణకతాది, దీనికి పక్షవాతమేమో చూపియ్యండప్పా" అనేది. సూది వేశాక స్పిరిటు దూదితో తుడిస్తే సారాయి వాసనని మళ్ళీ స్నానం.

మూత్రం పరీక్ష కూడా నాదే. గాజు గొట్టంలో నీలం మందు పోసి, కొన్ని చుక్కలు కలిపి, పెరట్లో స్పిరిటు దీపం మీద కాచేదాన్ని. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం ఉన్నట్టు, పసుపైతే ఎక్కువ, ఇటుక రంగు తిరిగితే ఒళ్ళంతా చక్కెరేనని. బావగారు ఆ పక్కగా పోతూ ముక్కు మూసుకుని "తమ్ముడి పెండ్లాం వంట మొదలుపెట్టినాది" అనేవాడు.

ఒక ఏడాది బాగా జరిగింది. అత్తగారి బుగ్గలు నిండాయి, నోరు కూడా దాని పూర్వపు బలానికి వచ్చింది. ఆ తరవాత రంగు తప్పింది. ఆకుపచ్చ, పసుపు, ఒక పొద్దున ఇటుక రంగు. డాక్టరు మందు పెంచాడు. మళ్ళీ ఇటుకే. రెట్టింపు చేశాడు, దాని మీద మళ్ళీ రెట్టింపు. రోజుకొక సీసా ఖాళీ అయ్యే రోజు వచ్చింది. చేతుల మీద, తొడల మీద సూది దిగిన చోటల్లా గడ్డలు. ఇంకొక చోటు వెతుక్కోవడమే నాకు పెద్ద పని అయింది. గొట్టంలో మాత్రం అదే ఎరుపు.

మా ఇంట్లో వాళ్ళకు కారణం దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ముసలామె దొంగతనంగా బెల్లం తింటోంది.

"నిన్న అల్మరాలో అచ్చు సగముండె. ఈ పొద్దు పావు లేదు," అంది అక్క, పప్పు గిలకొడుతూ, ఎవరి వైపూ చూడకుండా.

బావగారు భోజనం మధ్యలో లేచాడు. ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి, తల్లి నడుము దగ్గర చెయ్యి పెట్టి తాళంచెవుల గుత్తి లాగేశాడు. మొలతాడు తెగింది. ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడింది.

"నేను తినలేదురా."

"మందు ఏనుగుకేసినంత వేస్తా ఉండారు. ఏనుగైనా ఈపాటికి నయమయ్యుండాల. తినకుంటే ఎందుకు నయం కాదు?"

ఆ రోజు నుంచి ఆమెకు రాగి అంబలి, పప్పులేని పులుసు. పండగ పూట పిల్లలకు పాయసం పోస్తుంటే ఆమెను గోడవైపు తిరిగి కూర్చోమన్నారు. భోజనాలయ్యాక బావగారి చిన్న కూతురు చేత ఆమె నోరు వాసన చూపించారు. ఆ పిల్ల మూతి దగ్గర ముక్కు పెట్టి "అవ్వ నోట్లో పండు వాసన వస్తాది" అంది. అరటిపండు ఎక్కడ దొరికిందని ఆమె పెట్టె, పరుపు వెతికారు. ఒంట్లో చక్కెర పేరుకుపోయిన మనిషి ఊపిరికి ఆ వాసన వస్తుందని అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

ఆమె కోపమంతా నా మీదికి తిరిగింది. "ఇదే. ఇదే నాకు నీళ్ళు ఎక్కిస్తా ఉండాది. మందు మోరీలో పోసి నీళ్ళు ఎక్కిస్తా ఉండాది. నా చావు చూడల్లని."

నన్ను ఏమైనా అనండి, అబద్ధాలకోరని మాత్రం అనకూడదు. మర్నాడు నా చాప ఆమె గదిలో వేశాను. ఆ వారమంతా ఆమె తిన్న ప్రతి ముద్దా నా చేత్తో పెట్టాను. పెరట్లోకి పోతే వెంట పోయాను. సీసా మూత ఆమె కళ్ళ ముందే తీసి, ఆమె కళ్ళ ముందే మందు లాగాను. "పోలీసోడి మాదిరి వెంటబడినావు కదే" అంటూ తిట్టింది గానీ వద్దనలేదు. వారం చివర, అందరూ ఆకుల ముందు కూర్చున్న వేళ, ఎర్రటి గొట్టం తీసుకుపోయి బావగారి ఆకు పక్కన నిలబెట్టాను.

"చూడండి. ఈమె తినలేదు. నేను నీళ్ళు ఎక్కించలేదు. ఇద్దరం దొంగలం కాదు. ఇంక వేరే కారణం వెతకండి."

ఆ పూట ఎవరూ భోంచెయ్యలేదు. గొట్టంలో ఉన్నదేమిటో అందరికీ తెలుసు గదా.

డాక్టరు ఈసారి ఆమెను ఆసుపత్రిలో ఉంచి చూశాడు. అక్కడా అంతే. చివరికి కొడుకులిద్దర్నీ, నన్నూ పిలిచి చెప్పాడు. "ఆమె రక్తంలో ఏదో ఈ ఆవు ఇన్సులిన్‌ను అడ్డుకుంటోంది. పరాయిదని గుర్తుపట్టి పట్టేసుకుంటోంది. మీరెంత వేస్తే అంత. పని చెయ్యడానికి ఏమీ మిగలడం లేదు. కొందరికి ఇట్లా అవుతుంది. ఆవుది కలవకుండా పంది నుంచి మాత్రమే తీసింది ఒకటుంది. ఎందుకో నాకూ తెలియదు, చాలామందికి అది పడుతుంది. బొంబాయి నుంచి తెప్పించాలి. ఆలస్యం చేస్తే మనిషి దక్కదు."

ఆమె బతుకుతుందా లేదా అన్నది అక్కడితో ఒక సీసా మీదికి వచ్చింది. ఆ సీసా ఇంట్లోకి వస్తుందా లేదా అన్నది మా పడసాలలో తేలాల్సి వచ్చింది.

"పందా?" అన్నాడు బావగారు. "మన సందులో మోరీలో పొర్లేదా?"

"అది కాదు బావా. సీమపంది. తెల్లగా ఉంటాదంట. దానికి దినామూ స్నానం చేపిస్తారంట. ఈ ఇంట్లో అందరికీ ఆ మాట చెప్పలేము."

"గమ్మునుండవే," అన్నాడు మా ఆయన.

"తెప్పీండప్పా," అన్న మాట తలుపు వెనక నుంచి వచ్చింది.

అత్తగారు గోడ పట్టుకుని నిలబడి ఉంది. అందరం అటు చూశాం.

"అమ్మా, అది పందిదమ్మా," అన్నాడు బావగారు.

"విన్నాలే. నాకొచ్చింది చక్కెర, చెవుడు కాదు."

"నీ మడి ఏం కావల్ల?"

"నేనుంటే కదరా మడి ఉండేది."

అప్పుడు అక్క మాట్లాడింది. అత్తగారికి ఎదురుగా ఆమె గొంతెత్తడం అదే మొదలు. నిజానికి ఎత్తలేదు, మామూలుగానే అంది. "వద్దత్తమ్మా. మీ మడి చెడగొట్టుకోవద్దు. మడి పోతే మళ్ళీ రాదు."

ఆ మాట అక్కది కాదు. నేను కాపురానికి రాకముందు అక్కకు మొదటి బిడ్డ పుట్టింది. పెరట్లో పురిటి గదిలో బిడ్డకు ఊపిరాడకపోతే బావగారే పరిగెత్తి ఒక దొరసాని డాక్టరమ్మను తీసుకొచ్చాడు. మాంసం తినే మనిషి ఇల్లు దాటి పెరట్లోకి పోవడానికి వీల్లేదని అత్తగారు ఆమెను వీధి గడపలో నిలబెట్టింది. వానలో నిలబడి, వాదించి, ఆ డాక్టరమ్మ వెళ్ళిపోయింది. మన వాళ్ళలో మంత్రసాని దొరికి వచ్చేసరికి బిడ్డ లేదు. ఏడుస్తున్న అక్కతో అత్తగారు అన్న మాట అది. బిడ్డలు మళ్ళీ పుడతారు, మడి పోతే మళ్ళీ రాదు.

"ఆ పొద్దు నేను అంటినా?" అంది అత్తగారు.

"అంటిరి."

"అంటే అనింటా. ఇప్పుడు తెప్పీండి."

తప్పయిందనలేదు. కనీసం గొంతు తగ్గించలేదు. అక్క లోపలికి పోయి పొయ్యి ఊదుకుంది. న్యాయం అక్కవైపు ఉంది. కానీ చావబోతున్న మనిషికి మందు ఇవ్వాలా వద్దా అన్నది న్యాయంతో తేల్చే విషయం కాదు. ఈ మాట మీద నేను ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. ఆ రోజు బావగారితో మధ్యాహ్నం దాకా వాదించాను. నా బాధ పడలేకనే ఆయన ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ఆ సూది వేయించుకునే మనిషి వంటింట్లోకి, దేవుడి గదిలోకి రాకూడదు. అంగడి పక్కన పాత జరీ కండెలు వేసే గదిలో ఉండాలి. కంచం వేరు, లోటా వేరు. ఆమె ముట్టిన నీళ్ళు ఎవరూ ముట్టరు.

"సరే," అంది అత్తగారు. బేరం ఆడలేదు.

బొంబాయి నుంచి పెట్టె వచ్చేలోపు ఆమె ఎముకల గూడయింది. మొదటి సూది వేసినప్పుడు నా చేతికి కండ దొరకలేదు. కానీ కొద్ది రోజుల్లోనే గొట్టంలో ఎరుపు పసుపైంది, పసుపు ఆకుపచ్చైంది. ఒక పొద్దున నీలం నీలంగానే ఉండిపోయింది. నేను పెరట్లోంచి పరిగెత్తి ఆమెకు చూపించాను. "అంత సంబరమెందుకే, ఉచ్చ చూసి" అంది. మందు ఎక్కువై ఒకసారి చెమటలు పట్టి చేతులు వణికితే, డాక్టరు చెప్పినట్టు చక్కెర నీళ్ళు పట్టాను. అన్నాళ్ళ తరవాత తీపి తగిలిన నాలుకతో పెదవులు నాక్కుని, "ఇంకో చెంచా పొయ్యి, ఇంకా వణకతా ఉండాది" అంది. వణుకు ఎప్పుడో తగ్గింది.

అట్లా ఆమె బతికింది. బతికి ఏం చూసిందంటే, తన ఇంటిని వీధి వైపు నుంచి చూసింది. పిల్లలకు ఆ గది గడప తొక్కవద్దని చెప్పారు. వాళ్ళు కిటికీలోంచి "పంది సూది అవ్వా" అని అరిచి పారిపోయేవాళ్ళు. బంధువులు జరీ కొనే నెపంతో వచ్చి, అంగడి మెట్ల మీద నిలబడి, ఆమె గది వైపు మెడ సాచి చూసి పోయేవాళ్ళు. కంచంలో అన్నం అక్క పైనుంచి వేసేది, ఎత్తు నుంచి, చిందేటట్టు. తాను ఎవరెవరికి అట్లా వేసిందో అత్తగారికి గుర్తుండే ఉంటుంది. ఆ గదిలోకి పోయేది నేనొక్కదాన్నే కాబట్టి ఆమెకు తిట్టడానికి మిగిలింది నేనే. పొద్దున సూదితో మొదలుపెడితే దీపాల వేళ దాకా. నేనూ తక్కువ చెయ్యలేదు. అంగడి గుమాస్తాలు పని ఆపి వినేవాళ్ళు.

అట్లా సంవత్సరం తిరగకుండానే మామగారి తద్దినం దగ్గరకొచ్చింది. మా ఇంట్లో తద్దినం వంట ఎప్పుడూ ఆమెదే. ఆమె గారెలు తిన్న నోటితో ఇంకొకరి గారెలు తినలేమని బ్రాహ్మలు అనేవాళ్ళు. పురోహితుడు ఒక ఉపాయం చెప్పాడు. ఆవు మందు పడకపోవడం జబ్బు కాదట, గోదోషమట. ఏ జన్మలోనో ఆవుకు చేసిన అపచారం వల్ల గోమాత ఆమె ఒంట్లో నిలవడం లేదట. ప్రాయశ్చిత్తం చేసుకుని, పంచగవ్యం తాగి, పంది సూది మానేస్తే ఆవు మందు మళ్ళీ పడుతుందట. అప్పుడు ఆమె నిక్షేపంగా వంటింట్లోకి రావచ్చట.

బావగారు ఆ గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నెలల తరవాత మొదటిసారి. "అమ్మా, నువ్వు రావల్ల. నాయన తద్దినానికి నువ్వు లేకుంటే ఎట్లమ్మా," అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. ఆ మెత్తదనం నిజమైనదే అయి ఉండవచ్చు. నాకు దాన్ని చూస్తే ఒళ్ళు మండింది.

ఆయన పోగానే ఆమె నాతో అంది. "రేపట్నుంచి ఆవుది వెయ్యి."

"అది మీకు పడదత్తమ్మా."

"పంచగవ్యం తాగుతా కదా. ఇప్పుడు పడతాది. ఆవుకు కోపం పోతాది."

"ఆవుకు మీ మీద ఏం కోపమూ లేదు. మీ రక్తానికే ఆవు మీద ఉండాది. పేడ తాగితే రక్తం మారతాదా?"

"నీకేం తెలుసునే. నువ్వు చదివింది దొరల చదువు."

"మీకు బతుకు తెచ్చింది ఆ చదువే."

"ఈ గదిలో బతుకా?" అంది. దానికి నేను ఏదో గట్టిగానే అన్నాను. కానీ అది జవాబు కాదు.

ఆవు మందు నేను వెయ్యనన్నాను. మందు షాపు కాంపౌండరు వచ్చి వేసిపోయాడు. డాక్టరు దగ్గరికి మా ఆయన్ను పంపితే, "పడదని చెప్పానుగా, నా మాట వినకపోతే నన్నెందుకు అడుగుతారు" అని కసిరి పంపాడు. గొట్టం రోజురోజుకూ రంగు మార్చుకుంది. నేను తెచ్చి చూపిస్తే ఆమె కళ్ళు మూసుకునేది.

తద్దినం నాడు ఆమె తలస్నానం చేసి, తడిచీరతో వంటింటి గడప దాటింది. పొయ్యి ముందు కాసేపు ఊరికే నిలబడింది. తరవాత పప్పు రుబ్బించుకుంది, గారెలు తట్టింది. అప్పటికి ఆమెకు దాహం ఎట్లా ఉండి ఉంటుందో నాకు తెలుసు. పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి. నాలుక అంగిట్లో అతుక్కుని మాట ముద్దగా వస్తోంది. పక్కనే నీళ్ళ బిందె. పిండాలు అయ్యి, బ్రాహ్మలు తిని లేచేదాకా వంట చేసే మనిషి చుక్క నీళ్ళు కూడా తాగకూడదు.

"తాగండత్తమ్మా. ఎవరూ చూడడంలేదు," అన్నాను గుమ్మంలోంచి. నాకు లోపలికి ప్రవేశం లేదు, ఆ పొద్దున మూత్రం గొట్టం ముట్టినదాన్ని.

"వాళ్ళు చూస్తా ఉంటారు," అంది. వాళ్ళంటే పితరులు.

అక్క పొయ్యిలో కట్టె ముందుకు తోసింది.

బ్రాహ్మలు తిన్నారు. గారెలు ఎప్పటిలాగే ఉన్నాయన్నారు. వాళ్ళు లేచి చేతులు కడుక్కుంటూ ఉండగా వంటింట్లో ఇత్తడి గిన్నె పడిన చప్పుడైంది. ఆమె పొయ్యి పక్కన పడి ఉంది. ఊపిరి లోతుగా, రొప్పుతూ, ముగ్గిన పండు వాసనతో.

"పొయ్యి సెగకు పడిందిలే. పనుకోనీండి," అన్నాడు బావగారు.

నేను జరీ గదిలోకి పోయి పంది సీసా, సూది తీసుకుని వచ్చాను. వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. రెండు చేతులూ ద్వారబంధానికి రెండు వైపులా చాపి.

"ఈ పొద్దు ఇంట్లో పితృదేవతలుండారు. దాన్ని లోపలికి తేవద్దు."

"ఆమె చస్తా ఉండాది అక్కా."

"నాకు తెలుసు," అంది.

ఆ రెండు మాటలూ ఎట్లా అందంటే, కళ్ళు నా మీద పెట్టి, మెల్లగా, ఎన్నో ఏళ్ళుగా దాచుకున్నది తీసి చేతిలో పెట్టినట్టు. ఇంకెవరైనా అయితే అక్కడ ఆగి ఉండేవాళ్ళేమో. నేను ఆమెను తోశాను. తల ద్వారబంధానికి తగిలి నెత్తురు వచ్చింది. ఆమె మీదుగా దాటిపోయి, చీర మీంచే తొడలో సూది దించాను. జీవితంలో మొదటిసారి అన్న వైపు చూడకుండా మా ఆయన సైకిలు తీసుకుని డాక్టరు కోసం పోయాడు. డాక్టరు వచ్చి, తిట్టుకుంటూనే, ఆమెను బండిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఉప్పునీళ్ళు ఎక్కించారు, ఆ మందే మళ్ళీ మళ్ళీ వేశారు.

తెలివి వచ్చాక ఆమె మొదట నా వైపే చూసింది.

"ఏది వేసినావు?"

"పందిది."

"తద్దినం నాడా?"

"ఆ పొద్దే."

"వంటింట్లోనా?"

"పొయ్యి పక్కనే."

ఆమె డాక్టరు వైపు తిరిగి, "దీన్ని బయటికి పంపప్పా," అంది. నాతో ఆమె మాట్లాడిన చివరి మాటలు ఆ మూడు ప్రశ్నలే.

తద్దినం చెడిందని బావగారు మళ్ళీ పెట్టించాడు. మమ్మల్ని ఇంట్లో ఉంచనన్నాడు, తల్లిని కూడా. కోట అవతల రెండు గదుల వాటా ఒకటి చూసుకుని ముగ్గురం మారిపోయాం. అక్కను నేను మళ్ళీ పెళ్ళిళ్ళలో చూశాను. నుదుటి పక్కన చిన్న మచ్చ. ఇద్దరం ఎదురుపడితే దారి మార్చుకోలేదు, పలకరించుకోలేదు.

అత్తగారు అక్కడ చాలా ఏళ్ళు బతికింది. నాతో ఒక్క మాట లేదు. పొద్దున్నే చెయ్యి చాపేది, మొహం గోడవైపు. ఏదైనా కావాలంటే మా ఆయనతో చెప్పేది, ఆయన లేకపోతే గోడతో చెప్పేది. నన్ను గురించి మాత్రం అందరితో మాట్లాడేది. వీధరుగు మీద కూర్చుని, పోయేవాళ్ళను పిలిచి మరీ చెప్పేది. ఒక పొద్దున ఆకుకూరలు అమ్మే ఆమెకు మొదలుపెట్టింది.

"నాకు తెలివి లేనప్పుడు చేసినాదమ్మా. మొగుడి తద్దినం నాడు, పొయ్యి పక్కన, నా ఒంట్లోకి పందిని ఎక్కించినాది. ఈ జన్మకు నాకు దేవుడి గది లేకుండా చేసినాది."

"అయ్యో పాపం. అయితే ఆ సూది మానెయ్యి అవ్వా."

"ఎందుకు మానల్ల?" అంది అత్తగారు, మెంతికూర కట్ట విడదీసి చూస్తూ. "పాపం దానిది. ఆయుస్సు నాది."

నేను లోపల సూదులు ఉడకబెడుతూ విన్నాను. నీళ్ళలోంచి ఒకటి తీసి గోటి మీద గీసి చూశాను, బాగా పదునుగా ఉంది. దాన్ని మళ్ళీ గిన్నెలో వేసి, కొంచెం మొద్దుబారినది తీసుకున్నాను.